పడవ మీది ట్రాన్సిస్టరు, డాబా మీది డిష్
విశాఖ రేడియో: ఒక సింహావలోకనం

విశాఖపట్నానికి రేవు 1933లో వచ్చింది. రేడియో కేంద్రం 1963 ఆగస్టు 4న వచ్చింది. ఈ రెండింటికీ నడుమ ముప్పై ఏళ్లు. అంతకాలం ఓడలు నేరుగా ఈ ఊరికే వచ్చేవి, గాలిలో వచ్చే మాట మాత్రం ఇంకెక్కడో పుట్టి, ఓపిక ఉంటే ఇక్కడిదాకా వచ్చేది. ఇవాళ టీవీ రిమోట్ మీద ఒక బొత్తాం నొక్కితే రేడియో కేంద్రాల పేర్లు తెర నిండా వరుసకడుతున్నాయి. ఆ వరుసలో విశాఖ ఎక్కడ? ఈ ఊరి మాట ఈ ఊరి జనానికి ఎప్పుడు ఏ దారిన చేరింది, ఏ మలుపులో తప్పిపోయింది? వెనక్కి తిరిగి చూడాల్సిన వేళ ఇదే. ఎందుకంటే పాత దారులు ఒక్కటొక్కటే మూతపడుతున్నాయి, కొత్తవి ఏవీ సముద్రం దాకా వెళ్లడం లేదు.

తెలుగు మాట రేడియోలో మొదట స్థిరపడింది మద్రాసులో. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైనప్పుడు విశాఖ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లాయే. అయితే పాలన ఒకటైనా గాలి ఒకటి కాదు. దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల రైలు దూరాన ఉన్న ఊరికి పగటిపూట మద్రాసు మీడియం వేవ్ అందేది కాదు. రాత్రిళ్లు, అదీ గరగరల మధ్య, తమిళంతో వంతులు పంచుకున్న తెలుగు వినాలి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. జనం ఇళ్లు వదిలి పల్లెలకు తరలిపోయారు. నిజమేదో పుకారేదో చెప్పే గొంతు ఆ రోజు ఊళ్లో లేదు. ఆపద వేళ స్థానిక రేడియో ఎందుకు కావాలో విశాఖకు తొలిసారి తెలిసొచ్చింది అప్పుడే అని నా అభిప్రాయం.

స్వాతంత్ర్యం వచ్చిన రోజున మద్రాసు కేంద్రం నుంచి బాలాంత్రపు రజనీకాంతరావు రచించి స్వరపరచిన పాటను టంగుటూరి సూర్యకుమారి పాడారు. తరవాత ఏడాది, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రం మొదలైంది. అదే రజని అక్కడ భక్తిరంజనికి ప్రాణం పోశారు. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదులోని నిజాం కాలపు దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. ఇలా తెలుగుకు ఒక రేడియో భాష కుదురుకుంది. కాని అది కృష్ణా గోదావరి తీరాల భాష, పట్నాల భాష. వంశధార, నాగావళి నీళ్లు తాగినవాళ్ల యాసకు అందులో చోటు దొరకలేదు. దొరికినా నవ్వించే పాత్రల నోట దొరికింది.

1963 ఆగస్టులో విశాఖ సిరిపురంలో మైకు తెరుచుకోవడం అందుకే పెద్ద సంగతి. అదే ఏడాది కడపకూ కేంద్రం వచ్చింది. రాష్ట్రానికి అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి: కోస్తా నడిమి భాష చాలదని ఢిల్లీ ఒప్పుకున్నట్టే. అప్పటి విశాఖను తలుచుకోండి. 1941లో శంకుస్థాపన జరిగిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం నుంచి 1948లో ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది. 1957 నాటికి మల్కాపురం వైపు చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. ఊరిలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఒడ్డు పొడుగునా జాలరిపేటలు, పడమట తూర్పు కనుమలు. ఒకే కేంద్రం ముగ్గురు శ్రోతలతో మాట్లాడాలి: కడలి మీద ఉన్నవాడు, కొండ మీద ఉన్నవాడు, షిఫ్టు దిగి వచ్చినవాడు. ఈ ముగ్గురి సమయాలూ వేరు, అవసరాలూ వేరు. తెలుగునాట ఇంకే రేడియో కేంద్రానికీ ఇలాంటి శ్రోతలు లేరు.

ఇక్కడ కాస్త ఆగి తరంగం సంగతి చెప్పుకోవాలి, తరవాతి కథంతా దాని మీదే నిలబడింది కనుక. విశాఖ కేంద్రం మీడియం వేవ్ చిరునామా 927 కిలోహెర్ట్జ్, ట్రాన్స్‌మీటరు శక్తి 100 కిలోవాట్లు. తరంగం పొడవు దాదాపు 323 మీటర్లు. ఇంత పొడవైన తరంగం నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. నేల పొడిగా రాళ్లతో ఉంటే త్వరగా నీరసిస్తుంది. ఉప్పునీరు విద్యుత్తును మామూలు నేల కంటే వందల రెట్లు బాగా మోస్తుంది కాబట్టి సముద్రం మీద అదే తరంగం ఎంతో దూరం చెక్కుచెదరకుండా సాగుతుంది. అనంతగిరి లోయలో బలహీనపడే కేంద్రం, ఒడ్డు కనిపించనంత దూరం వెళ్లిన పడవలో స్పష్టంగా పలుకుతుంది. ఆ దూరంలో ఎఫ్‌ఎం పలకదు. ఎఫ్‌ఎం తరంగం ఇంచుమించు చూపు మేరకే పోతుంది, భూమి వంపు దగ్గర తెగిపోతుంది. రేవు పట్టణానికి మీడియం వేవ్ అంటే ఏమిటో ఈ ఒక్క భౌతిక సత్యం చెబుతుంది.

ఇంజను పడవలో కూర్చుని ట్రాన్సిస్టరు వినేవాడి చేతులు చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. తోలు సంచిలో రేడియో, తడి తగలకుండా దాని మీద పాలిథిన్ కవరు. కవరు పైనుంచే బొటనవేలితో చక్రం తిప్పుతాడు. ముల్లు నిలిచాక సెట్టును అటు ఇటు తిప్పుతాడు. లోపలి ఫెరైట్ కడ్డీ స్టేషను వైపు అడ్డంగా నిలిచినప్పుడే మాట బాగా పట్టుకుంటుంది, కొస దానివైపు తిరిగితే గొంతు సన్నబడుతుంది. పడవ దిశ మారితే చేయి దానంతటదే సెట్టును మళ్లీ తిప్పేస్తుంది. ఈ విద్య ఏ బడిలోనూ చెప్పలేదు. అతను వినేది ముఖ్యంగా వాతావరణం. ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారా, మూడో నంబరా, పదో నంబరా? రేవుల్లో ఎగరేసే ఈ సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఆ అంకె చెవిన పడగానే పడవ ముక్కు ఒడ్డువైపు తిరగాలా వద్దా అన్నది తేలిపోతుంది. 1974లో విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. హెచ్చరిక తయారయ్యేదీ దాన్ని చదివేదీ అప్పటినుంచి ఒకే ఊళ్లో. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచాక, రేడియోలో వాతావరణ వార్త వస్తే తీరమంతా మాట ఆపి వినడం నేర్చుకుంది.

అప్పట్లో రేడియో ఉంచుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. 1980ల నడిమికల్లా ఆ బాధ తప్పింది. తప్పేసరికే ఇంటి మూలలోకి ఇంకో పెట్టె వచ్చింది.

టీవీ వచ్చిన తీరును ఎక్కువగా వర్ణించను. హైదరాబాదులో 1977లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. విశాఖ 1980లలో ట్రాన్స్‌మీటరు పుణ్యమా అని ఢిల్లీనీ హైదరాబాదునూ చూడసాగింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ రావడంతో, జెమినీతో కలిసి, తెలుగు ఇంటి సాయంత్రం చేతులు మారింది. విశాఖకు టీవీ కార్యక్రమాలు తయారుచేసే పెద్ద కేంద్రం రాలేదు. ఊరు తనను తాను తెరపై చూసుకోవాలంటే తుపానో సమ్మెయో సినిమా షూటింగో జరగాలి.

ఇంకో మార్పు మాత్రం పెద్దగా ఎవరి కంటా పడకుండా జరిగింది. 1983లో ఇన్సాట్-1బి కక్ష్యలోకి చేరాక ఆకాశవాణి కేంద్రాలు ఒకదానికొకటి ఉపగ్రహం మీదుగా కలిశాయి. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు అంతకుముందు షార్ట్‌వేవ్ మీద ఎగుడుదిగుడుగా వచ్చి, కేంద్రంలో పట్టుకుని మళ్లీ ప్రసారమయ్యేవి. ఇప్పుడు పక్కగదిలో చదివినట్టు వచ్చాయి. శ్రోతకు కారణం తెలియదు, గొంతు శుభ్రపడిందని మాత్రం తెలుసు. రేడియో, ఉపగ్రహం, టీవీ ఒకే గొడుగు కిందికి చేరడం అప్పుడే మొదలైంది.

ఇంతలో ఊరూ మారింది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదంతో 1966లో రాష్ట్రం అట్టుడికింది. నవంబరు 1న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది మాత్రం 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు. ఆ నడిమి కాలమంతా ఆకాశవాణి ప్రభుత్వ శాఖ. వీధి నినాదంలోని వేడి దాని మైకు దాకా రాలేదు, రానివ్వలేదు. స్థానిక రేడియో అని గర్వంగా చెప్పుకునేటప్పుడు ఈ కొరతను దాచకూడదు. పాటకూ పంటకూ వాతావరణానికీ అది ఊరిది. కోపానికి కాదు. 1997లో ప్రసార భారతి ఏర్పడినా ఆ అలవాటు ఒక్కరోజులో పోలేదు.

గాలి ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. 2000లో కేంద్రం 40 నగరాల్లో 108 ఎఫ్‌ఎం పౌనఃపున్యాలను వేలానికి పెట్టింది. చివరకు ఆ తొలి దశలో స్టేషన్లు వచ్చింది 12 నగరాల్లోనే. వాటిలో విశాఖ ఒకటి. హైదరాబాదు ఆ జాబితాలో లేకపోవడం విశాఖవాసులు మురిసిపోదగ్గ విషయమే. రెండో దశలో రేడియో మిర్చి, బిగ్ ఎఫ్‌ఎం, రేడియో సిటీ కూడా వచ్చాయి. ఆకాశవాణి సొంత ఎఫ్‌ఎం 102 మీద ఉంది. గాజువాక ఆటోలో, జగదాంబ దగ్గరి బట్టల కొట్టులో, ద్వారకానగర్ సెలూన్లో మళ్లీ రేడియో మోగింది. అయితే ఈ ప్రైవేటు స్టేషన్లకు సొంత వార్తలు చెప్పే హక్కు లేదు. నగరం దాటితే వినపడవు. ఉల్లాసంగా మాట్లాడతాయి, కాని ఏ ఊళ్లో మాట్లాడుతున్నాయో చాలాసార్లు గుర్తుపట్టలేం.

ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికి రేడియో అన్న ఆలోచనను మన దేశంలో మొదట అమ్మిచూసింది వరల్డ్‌స్పేస్. చిన్న యాంటెన్నా, ప్రత్యేకమైన సెట్టు, ఏటా చందా. తెలుగు పాటలకూ ఒక చానల్. 2009 డిసెంబరు ఆఖరున భారతదేశంలో అది మూతపడింది. డబ్బు కట్టి ఉపగ్రహ రేడియో వినేవాళ్లు మన దగ్గర తక్కువని తేలింది.

ఉచితమైతే? దానికి జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. 2004 డిసెంబరు 16న డీడీ డైరెక్ట్ ప్లస్ మొదలైంది. తరవాత దాని పేరు డీడీ ఫ్రీ డిష్. డిష్‌కూ పెట్టెకూ ఒక్కసారి పెట్టుబడి పెడితే చాలు, నెలనెలా కట్టేది ఏమీ లేదు. టీవీ చానళ్లతోపాటే ఆకాశవాణి చానళ్లనూ ఎక్కించారు. ఇప్పుడు అందులో 48 రేడియో చానళ్లకు చోటు ఉంది, దేశంలో 4 కోట్లకు పైగా ఇళ్లు ఆ డిష్ కింద ఉన్నాయని అంచనా. రిమోట్ మీద టీవీ/రేడియో అని రాసి ఉన్న బొత్తాన్ని పొరపాటున నొక్కి, బొమ్మ పోయిందేమిటని కంగారుపడి, లోపలి నుంచి త్యాగరాజ కీర్తన వినపడి ఆగిపోయిన ఇళ్లు ఉత్తరాంధ్రలో కొల్లలు. తెర మీద నీలపు పలక, స్టేషను పేరు, మూలన గడియారం. గొంతు మాత్రం గరగర లేకుండా, సీడీ పెట్టినట్టు.

దీనివల్ల అసలు మేలు జరిగింది కొండల్లో. నగరం నుంచి అరకు లోయ నూరు కిలోమీటర్లకు పైమాట, నడుమ కనుమల గోడ. ఎఫ్‌ఎం అటు దాటదు. మీడియం వేవ్ లోయల్లో నలిగిపోతుంది. ఫ్రీ డిష్ ఉన్న జీశాట్-15 మాత్రం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమధ్యరేఖకు నేరుగా పైన నిలుస్తుంది. విశాఖ మన్యం నుంచి చూస్తే అది దక్షిణానికి కాస్త తూర్పుగా, 65 డిగ్రీలకు మించిన ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తులో ఉన్నదానికి కొండ అడ్డురాదు. పెంకుటిల్లు పక్కన గుంజ పాతి, రెండడుగుల డిష్‌ను ఆకాశానికి ఎత్తి బిగిస్తే పాడేరు మారుమూల పల్లెలోనూ ఢిల్లీ నాణ్యతతో రేడియో వస్తుంది. నలభై ఏళ్ల మీడియం వేవ్ చేయలేని పనిని ఒక రేకు పళ్లెం చేసింది. దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

అయితే ఆ పళ్లెంలో పడిందేమిటి? ఫ్రీ డిష్‌లో తెలుగు అనగానే మొదట వచ్చింది ‘ఆకాశవాణి తెలుగు’ అనే ఉమ్మడి చానల్. అందరికీ కలిపి ఒక గొంతు. ఆదిలాబాదు నుంచి ఇచ్ఛాపురం దాకా అదే. మన్యంలో ఉన్నవాడికి మొదటిసారి స్పష్టంగా రేడియో వినపడింది, కాని అది అతని జిల్లా రేడియో కాదు. అరకు సంతలో మిరియాల ధర, ఘాట్ రోడ్డు మీద విరిగిపడిన కొండచరియ, కూవి భాష మాట్లాడే ఇంట్లో పిల్లల టీకాల కబురు, ఇవి ఉమ్మడి చానల్ చెప్పగలిగేవి కావు. ఉపగ్రహంలో ప్రతి చానల్‌కూ చోటు లెక్క ఉంటుందని తెలుసు. కాని ఒక రేడియో చానల్ తీసుకునే చోటు టీవీ చానల్ తీసుకునే దానిలో చిన్న ముక్క. తెలుగు కేంద్రాలన్నిటినీ విడివిడిగా ఎక్కించినా ఒక సీరియల్ చానల్ బరువుకు తూగవు. అందుకే ఈ కొరతను సాంకేతిక ఇబ్బంది అని నేను ఒప్పుకోలేను. అది ఎవరిని ముందు లెక్కపెట్టాలన్న నిర్ణయం.

నగరంలో డిజిటల్ టీవీ వేరే దారిన వచ్చింది. కేబుల్ టీవీ డిజిటలీకరణ రెండో దశలో గడువు 2013 మార్చి 31. ఆ దశలోని 38 నగరాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదూ విశాఖపట్నమూ ఉన్నాయి. ఎంవీపీ కాలనీ నుంచి కూర్మన్నపాలెం దాకా ఇళ్లలో సెట్‌టాప్ బాక్సులు దిగాయి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను ఇస్తానంది. కరెంటు స్తంభాల మీదుగానే ఆ తీగను ఊరూరికీ లాగారు.

స్తంభాల మాట వచ్చింది కనుక హుద్‌హుద్‌ను తలవక తప్పదు. 2014 అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నం ఆ తుపాను విశాఖ నడినెత్తిన తీరం దాటింది. వేల స్తంభాలు నేలకొరిగాయి. సెల్ టవర్లు కూలాయి, ఉన్నవాటికి డీజిల్ అయిపోయింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, ఉక్కు కర్మాగారం ఆగింది. రోజుల తరబడి కరెంటు లేదు. డిష్ ఉన్నా దిశ తప్పింది, కేబుల్ తెగింది, టీవీ నల్లబడింది. రెండు సెల్లుల మీద నడిచే రేడియో సెట్టు మాత్రమే ఇలాంటి రోజున అక్కరకొస్తుంది, అదీ అవతల ట్రాన్స్‌మీటరు నిలబడి, జనరేటరు తిరిగితేనే. హుద్‌హుద్ తరవాత ఈ నగరం చెట్లు నాటింది, భూగర్భ కరెంటు తీగలు వేయడం మొదలుపెట్టింది. ప్రతి ఇంట్లో ఒక సెట్టు ఉండాలని మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. అని ఉండాల్సింది.

ఇతర దేశాల వైపు చూస్తే రెండు తీర్ల అనుభవం ఉంది. బ్రిటన్‌లో 2002 అక్టోబరు 30న ఫ్రీవ్యూ మొదలైనప్పుడు బీబీసీ రేడియోలు టీవీ పెట్టెలోకి వచ్చాయి. కాలక్రమాన ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంతపు బీబీసీ స్థానిక రేడియో కూడా ఆ జాబితాలో చేరింది. లెస్టర్‌లో 1967లో పుట్టిన స్థానిక రేడియో సంప్రదాయాన్ని తెర మీదికి తెచ్చినా దాని ఊరి పేరును చెరపలేదు. నార్వే ఇంకో దారి పట్టి 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్‌ఎంను ఆపేసి డిజిటల్ రేడియోకు మారింది. పాత సెట్లన్నీ మూలపడ్డాయి. అక్కడ మారిన సెట్టు కొనుక్కోగల జనం ఉన్నారు. మన పెదజాలారిపేట లెక్క వేరు.

మన దగ్గరా మీడియం వేవ్‌ను డిజిటల్ చేసే ప్రయత్నం జరిగింది. ముప్పైకి పైగా ట్రాన్స్‌మీటర్లను డీఆర్‌ఎం పద్ధతికి సిద్ధం చేశారు. వాటిని పట్టే సెట్లు కొన్ని కార్లలో తప్ప సామాన్యుడి చేతికి రాలేదు. ఇంకోపక్క పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్లు దేశంలో ఒక్కటొక్కటిగా ఆగిపోతున్నాయి. విద్యుత్తు ఖర్చు ఎక్కువ, వినేవాళ్లు తక్కువ అన్నది కారణం. నగరంలో కూర్చుని లెక్కిస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. లెక్కలో సముద్రం ఉండదు.

ఫోను వచ్చాక విశాఖ కేంద్రం మళ్లీ తన పేరుతో వినపడుతోంది. ప్రసార భారతి యాప్‌లో దేశంలోని రెండు వందలకు పైగా కేంద్రాల మధ్య విశాఖనూ వెతికి పట్టుకోవచ్చు. 2024 నవంబరు 20న గోవాలో ప్రారంభించిన వేవ్స్ వేదిక టీవీనీ రేడియోనూ ఒకేచోట పెట్టింది. డాలస్‌లో ఉన్న గాజువాక కుర్రాడు పొద్దున్నే సొంతూరి రేడియో పెట్టుకుంటున్నాడంటే అది ఈ దారి పుణ్యమే. స్మార్ట్ టీవీలో అదే యాప్ వేసుకుంటే, ఉపగ్రహం ఇవ్వని విశాఖ గొంతు తీగ మీదుగా హాల్లోకి వస్తుంది. కాని దానికి ఇంటర్నెట్ ఉండాలి. పడవ ఒడ్డు నుంచి పది పదిహేను మైళ్లు పోయాక ఫోనులో గీతలు మాయమవుతాయి. డిష్ పెడదామా అంటే, కదిలే పడవ మీద రెండడుగుల పళ్లెం ఉపగ్రహాన్ని పట్టి నిలవదు.

కాబట్టి విశాఖకు ఒక్క దారి చాలదు. కొండకు డిష్, ఇంటికి కేబుల్, కడలికి మీడియం వేవ్ కావాలి. వీటిలో డిష్ సంగతి ఢిల్లీ చేతిలో ఉంది. మీడియం వేవ్‌ను ఆపకుండా చూడాల్సిందీ ఢిల్లీయే, దానికోసం మత్స్యకార సంఘాలు, వాతావరణ శాఖ, రేవు అధికారులు కలిసి అడగాలి. కేబుల్ పని మాత్రం ఊళ్లోనే అయిపోతుంది. నగరంలోని ప్రతి కేబుల్ కంట్రోల్ రూముకూ ఆకాశవాణి ఎఫ్‌ఎం గాలిలోనే అందుతోంది. డాబా మీద ఒక యాంటెన్నా, లోపల ఒక మంచి ట్యూనరు, ఆ ధ్వనిని డిజిటల్ ప్రవాహంలో కలిపే ఒక ఎన్‌కోడరు, చానళ్ల పట్టికలో ఒక కొత్త నంబరు. ఫైబర్‌నెట్‌కూ ఇంతే. ఉపగ్రహం అక్కర్లేదు, కొత్త స్టూడియో అక్కర్లేదు. ప్రసార భారతి అనుమతి పత్రం ఒకటి, ఆపరేటరు వైపు నుంచి ఒక పూట పని. నంబరు మాత్రం పట్టిక అట్టడుగున భక్తి చానళ్ల తరవాత ఎక్కడో కాకుండా, తెలుగు వార్తా చానళ్ల పక్కనే ఉండాలి. తుపాను రాత్రి కరెంటు పోయేలోపు ఉండే ఆ కొద్ది గంటల్లో వెతుక్కోకుండా దొరకాల్సిన స్టేషను అది.